దారి చెప్పకు, చుట్టూ ఏముందో చెప్పు

నాకు చూపు లేదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు చిన్నప్పుడు రేచీకటిగా మొదలై, అంచుల నుంచి చూపును తినేస్తూ వచ్చి, ఇప్పుడు వెలుతురు ఉందా లేదా అని తెలిసేంత వరకే మిగిల్చింది. బయటికి వెళ్లేటప్పుడు చేతిలో తెల్ల కేన్, జేబులో ఫోన్, ఒక చెవికి ఇయర్‌ఫోన్ ఉంటాయి. రెండో చెవి ట్రాఫిక్ కోసం. నేను ఇలా ఒంటరిగా తిరుగుతానని తెలిసినవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఫోన్లో మ్యాప్స్ ఉన్నాయి కదా, అదే దారి చెప్పేస్తుంది, ఇంకేం ఇబ్బంది?" ప్రేమతోనే అడుగుతారు. నిలబడి జవాబు చెప్పేంత టైం ఉండదు కాబట్టి "అవునండీ, పర్లేదు" అని వచ్చేస్తాను. ఆ జవాబు ఇక్కడ పూర్తిగా చెబుతాను.

నేను అనేది ఇది. చూపు లేని మనిషికి ఫోన్ ముందుగా చెప్పాల్సింది దారి కాదు, చుట్టూ ఏముందో. ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని ఎన్ని ఆజ్ఞలు ఇచ్చినా, నేను ఎక్కడ నిలబడ్డానో, పక్కన ఏముందో, రాబోయేది ఏ వీధో తెలియకపోతే తోపుడు బండికీ నాకూ తేడా లేదు. చుట్టూ ఏముందో తెలిస్తే దారి నేనే చూసుకోగలను. ఇంకో మాట కూడా ఉంది. ఆ సమాచారం ఒక కంపెనీ ఇష్టానికి వదిలేసేది కాదు. రోడ్డు ఎలా అందరిదో, రోడ్డు మీద ఏముందో చెప్పే మ్యాపు కూడా అలాగే అందరిదీ కావాలి, మన భాషలో ఉండాలి.

ఫోన్లో మనం రోజూ వినే "200 మీటర్లలో కుడికి తిరగండి" పద్ధతి కారు నడిపేవాళ్ల కోసం పుట్టింది. డ్రైవరుకు రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. డివైడర్, గుంత, రాంగ్ సైడులో వచ్చే బైకు, సిగ్నల్, ఇవన్నీ అతని కళ్లు చూసుకుంటాయి. ఎక్కడ తిరగాలో ఒక్కటి చెబితే చాలు. అదే వాక్యం నా చెవిలో పడినప్పుడు సంగతి వేరు. కుడివైపు వీధి రాకముందే ఒక అపార్ట్‌మెంట్ గేటు వస్తుంది. దాని తర్వాత ఫంక్షన్ హాలు పార్కింగ్, ఆ తర్వాత రెండు బిల్డింగుల మధ్య సందు. కేన్‌కు ఇవన్నీ ఒకేలా ఉంటాయి. పక్కన గోడ ఆగిపోతుంది, కాలి కింద నేల వాలుతుంది, కుడి చెంపకు గాలి తగులుతుంది. వీటిలో నా వీధి ఏది? యాప్ "తిరగండి" అంటుంది, అంతే.

ఆకాశం బాగా తెరిచి ఉన్న చోట కూడా మామూలు స్మార్ట్‌ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల వరకు తేడా చూపిస్తుంది. కారుకు 5 మీటర్లు లెక్కలోకి రావు. నాకు 5 మీటర్లంటే రోడ్డుకు ఏ పక్కన ఉన్నాననే ప్రశ్న. ఎత్తైన బిల్డింగుల మధ్య ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ గోడలకు తగిలి, చుట్టు తిరిగి ఫోన్‌కు చేరుతుంది. ఆలస్యంగా వచ్చిన ఆ సిగ్నల్‌ను బట్టి దూరం లెక్కపెట్టిన ఫోన్ నన్ను పక్క వీధిలో నిలబెడుతుంది. మెట్రో వంతెన కింద నడిచేటప్పుడు నెత్తి మీద కాంక్రీటు, పక్కన అద్దాల షోరూములు. ఇక దిక్కు సంగతి. నడుస్తున్నంతసేపు, కదులుతున్న తీరును బట్టి ఎటు పోతున్నానో ఫోన్ ఊహించగలదు. నిలబడితే ఆ ఆధారం పోతుంది, ఫోన్లోని అయస్కాంత దిక్సూచి మీదే ఆధారపడాలి. చుట్టూ ఇనుము ఉంటే అది తప్పుతుంది. అంటే రోడ్డు దాటే ముందు నేను ఆగిన చోట, ఎటు తిరిగి ఉన్నానో తెలియడం అన్నిటికంటే ముఖ్యమైన ఆ క్షణంలోనే, ఫోన్ చెప్పే దిక్కును నమ్మడం కష్టం.

ఇంత తేడా ఉన్న పరికరం ఆజ్ఞలు ఇస్తే ప్రమాదం. అదే పరికరం "మీ కుడివైపు దగ్గర్లో మెడికల్ షాపు, ముందు ఒక అడ్డ రోడ్డు, వెనక బస్టాప్" అని చెబితే, ఐదు మీటర్ల తేడా ఉన్నా అది నాకు పనికొస్తుంది. మిగతాది నా కేన్, నా చెవి, నా ముక్కు సరిచూసుకుంటాయి. మెడికల్ షాపు అంటే ఆ వాసన ఎలా ఉంటుందో నాకు తెలుసు. తప్పు సమాచారాన్ని నేను పట్టుకోగలను. తప్పు ఆజ్ఞను పాటించాక గానీ తప్పని తెలియదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రెజినాల్డ్ గాలెడ్జ్ అనే భూగోళ శాస్త్రవేత్త ఉండేవారు. మనుషులు తమ ఊరిని మనసులో ఎలా గీసుకుంటారనేదే ఆయన పరిశోధన. 1984లో ఆయన చూపు పోయింది. ఆ తర్వాత జాక్ లూమిస్, రొబెర్టా క్లాట్‌జ్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలతో కలిసి అంధులకు దారి చూపే పరికరం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. జీపీఎస్ రిసీవర్, దిక్సూచి, కంప్యూటర్ అన్నీ వీపు సంచిలో వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆయనే క్యాంపస్‌లో నడిచి చూసేవారు. ఆ రోజుల్లో అమెరికా సైన్యం సామాన్యులకు అందే జీపీఎస్‌ను కావాలని చెడగొట్టి ఇచ్చేది, తేడా 100 మీటర్ల దాకా ఉండేది. 2000 మే నెలలో ఆ ఆంక్ష ఎత్తేశారు. దానికి ముందే, 1998లో, ఈ ముగ్గురూ ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. మాటల్లో దిక్కులు చెప్పే పద్ధతులతో, వెళ్లాల్సిన చోటు ఎటుందో అటు నుంచే శబ్దం వస్తున్నట్టు వినిపించే పద్ధతిని పోల్చి చూశారు. నడకలోనూ, నడిచినవాళ్ల ఇష్టంలోనూ ఆ శబ్దమే ముందుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. గుడి గంట ఎటు మోగుతోందో మనకు ఎవరూ డిగ్రీల్లో చెప్పక్కర్లేదు.

అదే ఆలోచన ఇరవై ఏళ్ల తర్వాత ఫోన్‌లోకి వచ్చింది. 2018లో మైక్రోసాఫ్ట్ సౌండ్‌స్కేప్ అనే యాప్ విడుదల చేసింది. బ్రిటన్‌లోని గైడ్ డాగ్స్ సంస్థతో కలిసి మొదలైన ప్రాజెక్టు అది, దాని వెనక ఉన్న ఏమస్ మిల్లర్‌కూ చూపు లేదు. ఆ యాప్ ఎక్కడా తిరగమని చెప్పదు. నడుస్తుంటే ఎడమ పక్కనున్న దుకాణం పేరు ఎడమ చెవిలో, ముందు వచ్చే కూడలి పేరు ముందు నుంచి వినిపిస్తుంది. వెళ్లాల్సిన చోట ఒక శబ్దాన్ని గుర్తుగా పెట్టుకుంటే, అది అటునుంచే వినిపిస్తూ ఉంటుంది, మనం సరిగ్గా అటు తిరిగినప్పుడు దాని స్వరం మారుతుంది. ఏ వీధిలోంచి వెళ్లాలో మనిష్టం. మధ్యలో టీ తాగాలనిపిస్తే ఆగొచ్చు, "దారి తప్పారు" అని గోల పెట్టదు. దీనికి ముందే, 2012లో, ఫిన్లాండ్‌లో తయారైన బ్లైండ్‌స్క్వేర్ కూడా ఇదే మార్గంలో చుట్టుపక్కల ఏమున్నాయో చదివి వినిపించేది, ఇప్పటికీ వినిపిస్తోంది. మరోవైపు 2019 అక్టోబర్‌లో గూగుల్ మ్యాప్స్ నడిచేవాళ్ల కోసం మరింత వివరమైన వాయిస్ గైడెన్స్ తెచ్చింది. సరైన దారిలోనే ఉన్నారని మధ్యమధ్యలో చెప్పడం, పెద్ద కూడలి వస్తే హెచ్చరించడం మంచి మెరుగులే. మొదట అమెరికాలో ఇంగ్లిష్‌కు, జపాన్‌లో జపనీస్‌కు ఇచ్చారు.

సౌండ్‌స్కేప్‌కు ఏమైందో చెప్పాలి, ఎందుకంటే నా రెండో వాదనకు ఆధారం అదే. 2023లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. కంపెనీకి అదొక పరిశోధన ప్రాజెక్టు, ముగిసింది. దాన్ని నమ్ముకుని ఊరి దారులు నేర్చుకున్నవాళ్లకు అది రోజూ ఆఫీసుకు వెళ్లే సాధనం. ఒక లిఫ్ట్ ఆపేస్తే బిల్డింగ్ వాళ్లను నిలదీయొచ్చు, ఒక యాప్ ఆపేస్తే అడగడానికి గుమ్మం కూడా ఉండదు. అయితే వాళ్లు ఒక మంచి పని చేశారు. ఆ యాప్ కోడ్ మొత్తాన్ని ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. దాని మీదే వాయిస్‌విస్టా, సౌండ్‌స్కేప్ కమ్యూనిటీ లాంటి యాప్‌లు వచ్చాయి. అసలు యాప్ ఐఫోన్‌కే ఉండేది, స్కాట్లాండ్‌లో వాలంటీర్లు దాన్ని ఆండ్రాయిడ్‌కు తెచ్చే పని ఎత్తుకున్నారు. మన దగ్గర చాలామంది చేతిలో ఉండేది ఆండ్రాయిడే కాబట్టి ఇది మనకు చిన్న సంగతి కాదు.

కోడ్ బయటపెట్టినంత మాత్రాన ఆ యాప్ బతికేది కాదు. దాని కింద ఉన్న మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఆ మ్యాపును ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మ్యాపు ఏ కంపెనీదో అయి ఉంటే, కంపెనీ వెళ్లిపోయిన రోజే యాప్ మూగబోయేది. ఇప్పుడు వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు దాన్ని నడుపుతున్నారంటే కారణం ఆ మ్యాపు అందరిదీ కావడమే.

మరి ఆ మ్యాపులో మన ఊళ్లు ఎలా ఉన్నాయి? పెద్ద రోడ్లు ఉన్నాయి. మెట్రో స్టేషన్లు ఉన్నాయి. నేను నడిచే చోట మాత్రం పల్చగా ఉంది. ఒక పొడుగాటి వీధి మొత్తానికి ఒక ఏటీఎం, ఒక స్కూలు. "చుట్టూ ఏముంది" అని అడిగితే ఫోన్‌కు చెప్పడానికి ఏమీ ఉండదు. లండన్‌లో నడిచే అంధుడికి అదే యాప్ ప్రతి అడుగుకూ కబుర్లు చెబుతుంది. యాప్ ఒకటే, మ్యాపులో పడిన శ్రమ వేరు.

నిజానికి చుట్టూ ఏముందో చెప్పే పద్ధతి మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. మన అడ్రసులే అలా ఉంటాయి. "ఆంజనేయస్వామి గుడి దాటాక రెండో సందు, రేషన్ షాపు ఎదురిల్లు" అని తప్ప ఇంటి నంబరు చెప్పి ఎవరూ ఇల్లు చేరరు. క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి మొదట అడిగేది, "మేడమ్, మీ చుట్టుపక్కల ఏం కనిపిస్తోంది?" అతని ఫోన్లో నా చుక్క మెరుస్తూనే ఉంటుంది, అయినా అడుగుతాడు, ఎందుకంటే ఆ చుక్కను నమ్మకూడదని అతనికి అనుభవం మీద తెలుసు. అప్పుడు నా ఫోన్ నాకు చుట్టూ ఏముందో చెప్పగలిగితే అతనికి నేను చెప్పగలను. లేకపోతే పక్కన ఎవరైనా వస్తారేమోనని చూడాలి. వచ్చినవాళ్లు సాయమే చేస్తారు, కానీ "అదిగో, అక్కడ, ఆ కార్నర్‌లో" అంటారు. వేలు చూపించి చెప్పే మాట నా దాకా రాదు. (ఇది చదివే చూపున్నవాళ్లకు ఒక మనవి: చేయి పట్టుకుని లాగొద్దు. మీ మోచేయి అందించండి, మేము పట్టుకుంటాం. మీ వెనక అరడుగు దూరంలో నడిస్తే మెట్టు ఎక్కడ ఉందో మీ మోచేతి కదలికలోనే మాకు తెలుస్తుంది.)

నేను పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. ఆ పేటకూ, పక్కనున్న అరండల్‌పేటకూ వీధులు గళ్ల కాగితం మీద గీసినట్టు ఉంటాయి. పొడుగు వీధులకు లైను నంబర్లు, అడ్డ వీధులకు మరో వరస నంబర్లు. అడ్రసు చెప్పేటప్పుడు "4 బై 7 బ్రాడీపేట" అంటే చాలు, నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. చూపు తగ్గుతున్న రోజుల్లో కూడా నేను అక్కడ భయపడకుండా తిరిగేదాన్ని. అడ్డరోడ్డు వచ్చినప్పుడల్లా పక్క గాలి మారుతుంది, లెక్క పెట్టుకుంటూ పోవడమే. దాని మీద ఇంకో ఆసరా ఉండేది: మన ఇళ్లలో అందరికీ తూర్పు ఎటో తెలుసు. వాస్తు పుణ్యమా అని చిన్నపిల్లలకు కూడా గుమ్మం ఏ దిక్కుకు ఉందో తెలుసు. "ఉత్తరం వైపు నడవండి" అని ఫోన్ అంటే చాలా దేశాల్లో జనం తికమక పడతారని చదివాను. పొద్దున్నే ఎండ ఏ చెంపకు తగులుతోందో చూసుకుని నడవడం మాకు అలవాటే. మనకోసం యాప్ తయారుచేసేవాళ్లు ఇలాంటి సంగతులు పట్టించుకోవాలి. ఎడమ, కుడి నేను ఎటు తిరిగానన్న దాన్ని బట్టి మారిపోతాయి, తూర్పు మారదు.

హైదరాబాద్‌లో అలాంటి గళ్లు లేవు. అయితే ఇక్కడి జనం ఇంకో పద్ధతి కనిపెట్టుకున్నారు. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక, దాని స్తంభాలకు వేసిన నంబర్లే అడ్రసులయ్యాయి. షాపు బోర్డు మీద, పెళ్లి కార్డు మీద "పిల్లర్ నంబర్ ఫలానా దగ్గర" అని ఉంటుంది. తర్వాత మెట్రో స్తంభాలకూ ఇదే జరిగింది. ఇంజనీర్లు నిర్వహణ కోసం వేసుకున్న నంబర్లను నగరం తన దారి గుర్తులుగా మార్చుకుంది. నాకు ఇది ఎంతో తెలివైన పని అనిపిస్తుంది. స్తంభాలు వరసగా ఉంటాయి, కదలవు, ఎవరూ పీకేసి వేరే చోట పెట్టరు. ఇబ్బందల్లా ఆ నంబర్లు రంగుతో రాసి ఉండటమే, చేత్తో తడిమినా తెలియవు. కానీ ఒక్కసారి ప్రతి స్తంభం నంబరూ, అది నిలబడిన చోటూ అందరి మ్యాపులోకి ఎక్కితే, నా ఫోన్ నడుస్తుండగానే ఆ నంబర్లు చదువుతుంది. క్యాబ్ డ్రైవర్‌కు "పిల్లర్ నంబర్ ఇంత, షాపుల వైపు ఉన్నాను" అని నేనే చెబుతాను. స్తంభాలు కట్టినవాళ్ల దగ్గర ఈ పట్టిక ఉండే ఉంటుంది, లేకుండా స్తంభం కట్టలేరు. దాన్ని బయటపెట్టడానికి కొత్తగా ఒక్క ఇటుక కూడా పేర్చక్కర్లేదు.

మెట్రో గురించి మంచి మాట కూడా చెప్పాలి. 2017 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ మెట్రో నాకు తెలిసినంతలో ఈ నగరంలో ఫోన్ అవసరం అతి తక్కువ పడే చోటు. నేల మీద టాక్టైల్ టైల్స్ ఉన్నాయి, అంటే కాలికీ కేన్‌కూ తెలిసే ఉబ్బెత్తు గుర్తులున్న పలకలు. నిలువు గీతలుంటే అటు నడవొచ్చు, చుక్కలుంటే ఆగాలి. 1967లో జపాన్‌లోని ఒకయామాలో అంధుల బడి దగ్గర మొదటిసారి పరిచిన ఆలోచన ఇది, సెయిచీ మియాకే అనే ఆయన తన సొంత డబ్బుతో తయారు చేశారు. రైల్లో వచ్చే స్టేషన్ పేరు తెలుగులో చెబుతారు, తలుపు ఏ పక్క తెరుచుకుంటుందో చెబుతారు. అక్కడ స్థలమే మాట్లాడుతోంది. స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీద కాలు పెట్టగానే అంతా నిశ్శబ్దం. అంటే హారన్లు ఉంటాయి, నాకు పనికొచ్చే మాట ఒక్కటీ ఉండదు. సిటీ బస్సు వచ్చి ఆగితే అది ఏ నంబరో పక్కవాళ్లను అడగాలి, వాళ్లు చెప్పేలోపు బస్సు కదిలిపోతుంది. దీనికి ఐఐటీ ఢిల్లీ వాళ్లు ఆన్‌బోర్డ్ అనే పరికరం చేశారు. చేతిలో బటన్ నొక్కితే దగ్గర్లో ఉన్న బస్సు తన నంబరు చెబుతుంది, ఎక్కాల్సిన తలుపు దగ్గరి స్పీకర్ నుంచి శబ్దం వస్తుంది, దాన్ని పట్టుకుని వెళ్లిపోవడమే. పెద్ద నగరాల్లో పరీక్షించి చూశారు కూడా. ఆర్టీసీ బస్సులు ఎక్కడున్నాయో చూపించే గమ్యం యాప్ తెలంగాణలో 2023 నుంచి ఉంది. ఆ సమాచారాన్నే స్టాప్‌లో ఒక స్పీకర్ చదివి వినిపిస్తే నాతో పాటు అక్షరాలు రాని అమ్మమ్మకూ, కళ్లజోడు మర్చిపోయిన తాతయ్యకూ పనికొస్తుంది.

భాష దగ్గర ఇంకో చిక్కు. నా ఫోన్లో తెలుగు గొంతు ఉంది, ఇంగ్లిష్ గొంతు ఉంది. మ్యాపులో పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ఇంగ్లిష్ గొంతు చదువుతుంది, అది విన్నాక అది ఏ పేటో ఊహించుకోవడం ఒక పరీక్ష. ట్రాఫిక్ హోరులో, ఒక చెవితో, నడుస్తూ వినాలి. క్రాస్ రోడ్స్‌ను కుదించి రాసిన చోట "ఎక్స్ రోడ్స్" అంటుంది, డాక్టర్‌ను "Dr" అని కుదించి రాసిన వీధి పేరును "డ్రైవ్" అని చదివేస్తుంది. పేరు తెలుగులో ఉంటే తెలుగు గొంతు చక్కగా పలుకుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి చోటుకూ తెలుగు పేరు విడిగా రాసే వీలుంది. గడి ఉంది, చాలాచోట్ల ఖాళీగా ఉంది. తెలుగు కోసం ఏదైనా చేయాలని తపించేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వికీపీడియాలో వేల వ్యాసాలు రాసినవాళ్లు ఉన్నారు. మీ వీధి పేరు తెలుగులో మ్యాపు ఎక్కితే అది నా చెవిలో పలుకుతుంది. తెలుగుకు ఇంతకంటే నేరుగా అందే సేవ నాకు తట్టడం లేదు.

స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ యాప్ ఉంది. వీధిలో నడుస్తుంటే చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఈ క్రాసింగ్ దగ్గర టాక్టైల్ టైల్స్ ఉన్నాయా, ఈ బస్టాప్‌కు పైకప్పు ఉందా, ఈ వీధికి ఫుట్‌పాత్ ఏ వైపు ఉంది. మీరు చూసి జవాబు నొక్కితే అది మ్యాపులోకి వెళ్తుంది. కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ పిల్లలు ఇది చేస్తే ఒక పేట మొత్తం ఒక సెమిస్టర్‌లో పూర్తవుతుంది.

కెమెరా యాప్‌లు వచ్చాక ఇవన్నీ ఎందుకని కొందరు అంటున్నారు. 2015లో డెన్మార్క్ నుంచి వచ్చిన బీ మై ఐస్ మొదట వీడియో కాల్‌లో వాలంటీర్లను కలిపేది, 2023 నుంచి ఏఐ చేత ఫొటో వర్ణన కూడా చెప్పిస్తోంది. మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ, గూగుల్ లుకౌట్ ఉన్నాయి. నేను రోజూ వాడతాను. మందు సీసా మీద ఏముందో, కరెంటు బిల్లు ఎంతో, చీర రంగేదో చెప్పడంలో వీటికి సాటి లేదు. కొన్ని ఖరీదైన ఐఫోన్లలో ఉండే లైడార్ సెన్సర్‌తో తలుపు ఎంత దూరంలో ఉందో కూడా తెలుస్తుంది. కానీ నడక వేరు. ఫొటో తీసి, పంపి, వర్ణన వచ్చేసరికి కొన్ని సెకన్లు పోతాయి, ఆలోపు ఆటో వచ్చేస్తుంది. పైగా ఏఐ లేని మెట్టును ఉందనీ, ఉన్న గుంతను లేదనీ అదే ధీమాతో చెప్పగలదు. చేయి ఖాళీ ఉండదనేది ఇంకో ఇబ్బంది, ఒక చేతిలో కేన్, రెండో చేతిలో సంచి. ఫోన్ పైకెత్తి పట్టుకుని నడిస్తే లాక్కుపోతారన్న టెన్షన్ కూడా ఉంటుంది. ఇక కేన్ సంగతికి వస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం రిచర్డ్ హూవర్ రూపొందించిన పొడవు కేన్ పద్ధతిని, అడుగుకో పక్కకు ఊపుతూ తర్వాతి అడుగు పడే చోటును ముందే తడమడాన్ని, ఇంతవరకు ఏ ఫోనూ మించలేదు. దాన్ని నేర్పే మొబిలిటీ ట్రైనింగ్ మన చిన్న ఊళ్లలో దొరకడం గగనం. ఫోన్ కొనిపెట్టే దాతలు దొరికినంత సులువుగా, నెలల తరబడి పక్కన నడిచి నేర్పే ట్రైనర్ దొరకడు.

మా అమ్మ వాదన ఇంకొకటి. "ఇంత అవస్థ దేనికే, ఆటో ఎక్కితే పోయేదానికి?" ఆమె భయం నాకు అర్థమవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన నడిచేవాళ్లు 32,825 మంది. కళ్లున్నవాళ్లకే నడక ఇలా ఉంది. కానీ ఆటోలో ఎంత తిరిగినా నా పేట నాకు తెలియదు. నడిస్తేనే ఇస్త్రీ బండి ఆయన పలకరిస్తాడు, కొత్తగా తవ్విన గుంత గురించి కూరగాయల అవ్వ కేకేసి చెబుతుంది. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నట్టు నమోదైనవాళ్లే 50 లక్షలకు పైగా ఉన్నారు. అందరూ ఆటో ఎక్కాల్సిందే అంటే, డబ్బు లేనివాళ్లు ఇంట్లో ఉండిపోవాల్సిందే అని అర్థం.

ఫుట్‌పాత్ లేకుండా మ్యాపు ఏం చేస్తుంది అనే ప్రశ్న మాత్రం న్యాయమైనది. రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీ ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఇవి కాగితం మీద ఉన్నాయి. పసుపు టాక్టైల్ టైల్స్ పరిచి, వాటి మధ్యలోనే ట్రాన్స్‌ఫార్మర్ నిలబెట్టిన చోట్లు ఉన్నాయి. ఆ గీతను నమ్మి నడిస్తే మొహానికే తగులుతుంది. న్యాయస్థానాలు ఈ మధ్య గట్టిగానే చెప్పాయి. చూపు లేని రాజీవ్ రతూరీ 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పిస్తూ, వికలాంగులు కూడా వాడుకోగలిగేలా కట్టడానికి ఉన్న సౌలభ్య ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదని, తప్పనిసరి నియమాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వికలాంగుల అధ్యయన కేంద్రం. 2025 మేలో అదే కోర్టు ఫుట్‌పాత్‌ను జీవించే హక్కులో భాగంగా చూసింది.

ఆ తప్పనిసరి నియమాల్లో నేను చూడాలనుకునేది ఒకటుంది. కట్టిన ప్రతిదాని సమాచారం కూడా కట్టిన పనిలో భాగం కావాలి. ఫుట్‌పాత్ వేసిన కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించే ముందు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ర్యాంపు ఎక్కడ, టైల్స్ ఎక్కడ అన్నది ఎవరైనా వాడుకునే రూపంలో బయటపెట్టాలి. మ్యాపులంటే దేశభద్రత అనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు, మ్యాపుల మీద ఉన్న అనుమతుల ఆంక్షలను 2021 ఫిబ్రవరిలో కేంద్రమే చాలావరకు ఎత్తేసింది.

నాకు అన్నిటికంటే ముందు కావాల్సింది తవ్వకాల సమాచారం. వీధిలో గుడి ఎక్కడుందో నేను నెమ్మదిగా నేర్చుకోగలను, అది అక్కడే ఉంటుంది. నిన్న రాత్రి కేబుల్ కోసం తవ్విన గుంత గురించి ఏ మ్యాపూ చెప్పదు, దాని చుట్టూ కట్టిన ఎర్ర రిబ్బన్ నా కేన్‌కు తగలదు. కానీ రోడ్డు తవ్వాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో ఏ వీధి, ఎన్ని మీటర్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నీ రాయాలి. అంటే నాకు కావాల్సిన ప్రతి ముక్కా తవ్వకానికి ముందే ఒక ఆఫీసు కంప్యూటర్‌లో ఉంది. అనుమతి ఇచ్చిన రోజే ఆ వివరాలను అందరికీ తెరిచి పెడితే, ఫోన్ వాటిని తీసుకుని "ముందు 30 మీటర్లలో రోడ్డు తవ్వారు, ఎడమవైపు" అని నాకు చెప్పగలదు. వార్డు కమిటీ మీటింగుకు వెళ్లేవాళ్లు, కార్పొరేటర్‌ను ఎరిగినవాళ్లు ఇది చదువుతుంటే, ఈసారి అడగాల్సింది ఇదే.